ట్రాన్స్‌ఫార్మర్ మార్చినంక బోరు సన్నగ పోస్తుంటే

దేవరకొండ అన్నా, ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన రోజు నుంచే నీళ్లు తగ్గినయంటే బోరు ఎండిందని అనుకోకు. మోటరు ఉల్టా తిరుగుతుండొచ్చు. మూడు ఫేజుల వరుస మారితే మోటరుల అయస్కాంత క్షేత్రం తిరిగే దిక్కు మారుతది.

ముందు పక్క బోర్లోళ్లను అడుగు. అందరిదీ గంతే అయితే లైన్‌మన్‌తోని ట్రాన్స్‌ఫార్మర్ కాడనే సరిచేపియ్యి. నీ ఒక్కదే అయితే:

1. మెయిన్ బంద్ చేసి, ఫ్యూజులు పీకి, టెస్టర్ పెట్టి చూడు. ఆటో స్టార్టర్ (కరెంటు రాంగనే మోటరును దానంతటదే ఆన్ చేసేది) ఉన్నోళ్లు మరీ పైలం.

2. స్టార్టర్‌కు వచ్చే మూడు వైర్లల్ల ఏవన్నా రెండు అటుదిటు మార్చు.

చానామంది తప్పేది ఇక్కడనే. మూడింటినీ ఒక్కో స్థానం జరుపుతరు. ఆర్-వై-బి (మూడు ఫేజుల పేర్లు) కాస్తా వై-బి-ఆర్ అయితది, అంటే మళ్ల అదే వరుస! మోటరు ఉల్టానే తిరుగుతది. మూడో వైరును ముట్టనే వద్దు.

3. మోటరు ఆన్ చేసి చూడు. నీళ్లు ఎక్కువొస్తే అదే సరైన దిక్కు.