నవ్వుల ఆటలో కొత్త గొంతు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

రేడియోలో హాస్య ఆటల కార్యక్రమాలు, మిమిక్రీ, కొత్తవాళ్లను ఆటపట్టించడం గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ భాగం ఓరుగల్లు, హన్మకొండ, కాజీపేట వైపు కాలేజీల నుంచే. ఒకే తీరు ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: కాలేజీ ఉత్సవానికి అరగంట రేడియో ఆట తయారు చేస్తున్నం. నలుగురు ఆటగాళ్లు, ఒక యాంకర్. ‘ఒక నిమిషం ఆగకుండా మాట్లాడు’ ఆట పెడితే పది సెకన్లకే అందరూ దొరికిపోతున్నరు. ఎక్కడ తప్పు చేస్తున్నం? – హన్మకొండ నుంచి ఒక విద్యార్థి

ఆట తప్పు కాదు, మీరు నియమాలను తెలుగులోకి సరిగ్గా దించుకోలేదు. ఈ ఆట బీబీసీ రేడియోలో ‘జస్ట్ ఎ మినిట్’ పేరుతో 1967 నుంచి నడుస్తోంది. నియమాలు మూడే: తడబడొద్దు, మాట మళ్లీ అనొద్దు, విషయం దాటొద్దు. ఎదుటివాళ్లు తప్పు పట్టుకుంటే వాళ్లకో పాయింటు, మిగిలిన సెకన్లూ విషయమూ వాళ్లవే. తప్పు లేకుండానే ఆపితే పాయింటు మాట్లాడుతున్నవాడిదే. అరవయ్యో సెకనున ఎవరి నోట మాట ఉంటే వాళ్లకూ ఒకటి.

ఇంగ్లిషులో ‘నూనె’ అన్న మాటకు ఒక్కటే రూపం. మనకు నూనె, నూనెలో, నూనెతో, నూనెకు అని తోక పెరుగుతూనే ఉంటుంది. తోక మారితే వేరే మాటేనని వదిలేస్తే ఆటలో పస ఉండదు. ప్రతిదీ పట్టుకుంటే ఎవరూ ముందుకు కదలరు. మా సలహా ఇది. నామవాచకాల్లో, ముఖ్యమైన క్రియల్లో మూలం ఒకటైతే పునరుక్తే. ఉండు, అను, చేయు, నేను, అది, ఒక లాంటివి ఎన్నిసార్లు వచ్చినా తప్పు లేదు. చీటీ మీద రాసిన విషయం పేరు కూడా మినహాయింపే.

అసలు చిక్కు జంట మాటలతో. ‘వేడివేడి సర్వపిండి’ అనగానే ఎవరో గంట కొడతారు, ‘వేడి’ రెండుసార్లు వచ్చిందని. లెక్క ప్రకారం వాళ్లదే న్యాయం. కానీ చిన్నచిన్న, మెల్లమెల్లగా, గలగల లేకుండా మన నాలుక నడవదు. జంట మాటను ఒక్క మాటగానే లెక్కించండి. మొదటిసారి పట్టుకున్నవాడికి మాత్రం చమత్కారానికి ఒక పాయింటు ఇచ్చి, విషయం మాట్లాడేవాడికే వదిలేయండి. ఇక ‘మరి’, ‘అంటే’, ‘అన్నట్టు’ అని సాగదీస్తే అది తడబాటే. ఊపిరి పీల్చుకోవడం తప్పు కాదు. సెకనుకు మించి ఆగితే తప్పు.

విషయాలు చిన్నవిగా, చేతికి తగిలేవిగా ఉండాలి. ‘సమాజం’, ‘స్నేహం’ ఇస్తే ఉపన్యాసం వస్తుంది, నవ్వు రాదు. ‘మేడారం పోయే బస్సులో కిటికీ సీటు’, ‘బతుకమ్మకు తంగేడు పూలు దొరకని రోజు’ ఇవ్వండి. గడియారం యాంకర్ దగ్గరే ఉండాలి, ఆటగాళ్లకు కనిపించకూడదు. కనిపిస్తే చివరి పది సెకన్లూ గడియారాన్ని చూస్తూ లాగేస్తారు. ఆటంకాలతో కలిపి ఒక నిమిషం ఆటకు అసలు సమయం రెండు మూడు నిమిషాలు పడుతుంది. అరగంటలో రెండుసార్లు చాలు.

ప్రశ్న: మా బృందంలోకి కొత్తగా ఒకమ్మాయి వచ్చింది. పాత నలుగురూ ఆమెను ఆటపట్టిస్తే వినేవాళ్లకు మజా వస్తదని అనుకుంటున్నం. ఎట్ల చేస్తే బాగుంటది? ఎక్కడ ఆగాలె? – కాజీపేట నుంచి

దీనికి పాతదే అయినా మంచి నమూనా ఉంది. బీబీసీ రేడియో 4లో 1972లో మొదలైన ‘ఐయామ్ సారీ ఐ హ్యావెంట్ ఎ క్లూ’లో ‘మోర్నింగ్టన్ క్రెసెంట్’ అనే ఆట ఆడతారు. ఆటగాళ్లు వంతులవారీగా లండన్ స్టేషన్లు, వీధుల పేర్లు చెబుతారు. ముందుగా ‘మోర్నింగ్టన్ క్రెసెంట్’ అన్నవాళ్లు గెలిచినట్టు. నియమాలేమిటో ఎవరూ చెప్పరు, ఎందుకంటే అసలు లేవు. కానీ అందరూ ఎంతో లోతైన ఎత్తులు వేస్తున్నట్టు మెచ్చుకుంటారు, అభ్యంతరాలు చెబుతారు, పాత పోటీల సంగతులు తీస్తారు. అదే పేరున్న నిజం స్టేషన్ 1992లో మూతపడి 1998లో మళ్లీ తెరుచుకున్నప్పుడు, తెరిచే వేడుకకు ఈ కార్యక్రమం బృందాన్నే పిలిచారు.

మీ ఊరికి ఇది అచ్చంగా సరిపోతుంది. ఆట పేరు ‘కాజీపేట జంక్షన్’ అనుకోండి. అక్కడి నుంచి సికింద్రాబాద్ వైపు, బల్లార్షా వైపు, విజయవాడ వైపు దారులు చీలుతాయి కాబట్టి పేర్లకు కరువు లేదు. యాంకర్ ‘జనగామ’తో మొదలుపెడతాడు. ఒకరు ‘జమ్మికుంట’ అంటారు. రెండోవారు కాస్త ఆలోచించి ‘కేసముద్రం’ అంటారు. పక్కవాడు ‘అబ్బ, కేసముద్రం! ఈ వానల్లోనా!’ అని నిట్టూరుస్తాడు. ఎవరో ‘పెద్దపల్లి’ అనగానే యాంకర్ ‘అక్కడ కరీంనగర్ లైను కలుస్తుంది, కాబట్టి ఒక వంతు ఆగాలి’ అని తీర్పిస్తాడు. డోర్నకల్ దాకా వెళ్లినవాళ్లకు వెనక్కి రావడానికి అనుమతి కావాలంటాడు. స్టేషన్ల పేర్లన్నీ నిజమైనవే కావాలి, నియమాలు మాత్రం అప్పటికప్పుడు పుట్టాలి. పేర్లు కూడా కల్పితమైతే తమాషా చచ్చిపోతుంది.

కొత్తమ్మాయిని రెండు రకాలుగా కూర్చోబెట్టొచ్చు. ఒకటి, నియమాలు లేవన్న సంగతి ఆమెకు నిజంగానే తెలియకుండా. ఇది ప్రత్యక్ష ప్రసారంలో వద్దు, రికార్డింగ్‌లోనే. అక్కడా నాలుగు నిమిషాల లోపే గుట్టు విప్పాలి. రెండోది, ఆమెకు ముందే చెప్పేసి తెలియనట్టు నటించమనడం. మా ఓటు దీనికే. మూడో వంతుకు ఆమె గొంతు సవరించుకుని ‘కాజీపేటలో ఏడో నంబరు బల్ల మీద టిఫిన్ డబ్బా మరిచిపోయినవాళ్లకు వరంగల్ చెప్పే హక్కు లేదు’ లాంటి నియమం ఒకటి పారేస్తుంది. పాతవాళ్లు నోరెళ్లబెడతారు. ఏడిపించేవాళ్లు నలుగురై, ఏడ్చేది ఒక్కరే అయితే వినేవాళ్లు ఆ ఒక్కరి వైపే వెళ్తారు. వాళ్లూ ఆట తెలియని కొత్తవాళ్లే కదా. వాళ్ల తరఫున ఆడుతున్న మనిషి గెలవకపోతే నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

ఇక ఆగాల్సిన చోట్లు. ఏడిపింపు ఆమె ఆట తీరు మీద, తెలియని నియమం మీద, పాతవాళ్ల గొప్పల మీద ఉండాలి. యాస, ఊరు, కులం, ఒళ్లు, రంగు, ఇంగ్లిషు రాకపోవడం జోలికి పోవద్దు. యాస గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన మాట తీరును వెండితెర చాలా ఏళ్లు విలన్లకూ జోకర్లకూ రాసిచ్చింది. ములుగు నుంచో భూపాలపల్లి నుంచో వచ్చిన పిల్ల నోటి మాటను ఓరుగల్లువాళ్లే వెక్కిరించడం అంతకంటే చిన్నతనం.

వరుసగా మూడు చమక్కులు ఆమె మీద పడితే, నాలుగోది తిరిగి కొట్టగలిగే ప్రశ్నగా యాంకర్ అందించాలి. మొదటి పాయింటు ఆమెకే వచ్చేలా చూడండి, ఆ రౌండులో చివరి మాట కూడా ఆమెదే. ఆమె మౌనంగా ఉండిపోతే కెమెరా అయితే మొహం చూపిస్తుంది, రేడియోలో మాత్రం మనిషి లేచి వెళ్లిపోయినట్టే వినిపిస్తుంది. ఇక చాలు అనడానికి అరచేయి బల్ల మీద పెట్టడం గుర్తుగా ముందే అనుకోండి, వినేవాళ్లకు తెలియదు. ప్రసారానికి ముందు ఆమెకు వినిపించి, వద్దన్నది కారణం అడక్కుండా తీసేయండి.

కాలేజీలో ‘సరదాకే’ అన్న సాకు చెల్లదు. 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం మనకు ఉంది. దేశవ్యాప్త సహాయ నంబరు 1800-180-5522. మీ బృందం గది గోడ మీద అంటించి పెట్టుకోండి.

ప్రశ్న: సినిమా డైలాగు చెప్తే అందరూ గుర్తుపడుతున్నరు. అదే గొంతుతోటి వేరే మాటలు చెప్తే ‘ఎవరిది?’ అంటున్నరు. ఎందుకట్ల? – జనగామ

వాళ్లు గుర్తుపడుతున్నది మీ గొంతును కాదు, డైలాగును. మామూలు గొంతుతో చదివినా పట్టేస్తారు. అనుకరణలో ముందు దొరకబుచ్చుకోవాల్సింది లయ. తర్వాత ఎక్కడ విరుస్తారో అది, తర్వాత కాకువు, అంటే వాక్యం చివర గొంతు లేస్తుందా, జారుతుందా అన్నది. గొంతు సన్నమా, బొంగురా అన్న స్థాయి చివరిది. అందుకే సన్న గొంతున్న అమ్మాయి కూడా పెద్ద హీరోను దింపేయగలదు, బొంగురు గొంతున్నవాడు బొక్కబోర్లా పడగలడు.

సినిమా వద్దు, ఇంటర్వ్యూ తీసుకోండి. ముప్పై సెకన్ల ముక్క చాలు. మాటలన్నీ రాసుకుని, ఊపిరి తీసుకున్న ప్రతిచోటా గీత పెట్టండి. సాగదీసిన అక్షరం కింద గుర్తు పెట్టండి. మొదట మీ సొంత గొంతుతోనే ఆ గీతల ప్రకారం చదవండి. అది కుదిరాక పెదవులు, దవడ ఎంత తెరుస్తారో చూసి పట్టుకోండి. ముక్కుతో వస్తోందా, ఛాతీ నుంచి వస్తోందా ఆ తర్వాత. పరీక్ష ఏమిటంటే, ఆ గొంతుతో రైలు ప్రకటన చదివి పదిమందికి వినిపించండి. ఆరుగురు పేరు చెబితే గొంతు కుదిరినట్టు. లేదంటే లయ దగ్గరికి తిరిగి వెళ్లండి.

ఆటగా పెట్టేటప్పుడు ఊతపదం చివరి ఆధారంగా దాచండి. మొదటి పదిహేను సెకన్లలో పట్టుకుంటే మూడు పాయింట్లు, రెండో ముక్కలో రెండు, ఊతపదం విన్నాక ఒకటి. ఎన్టీ రామారావు గొంతుతో దుర్యోధనుడి డైలాగు అందరూ చెబుతారు. అదే గొంతు ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాకు తరుగు ఎంత తీస్తావని నిలదీస్తే నవ్వు వస్తుంది. గంభీరమైన గొంతుకు చిల్లర తగాదా, పిరికి గొంతుకు యుద్ధప్రకటన ఇవ్వండి.

ప్రశ్న: బొంగురు గొంతులు చేసినంక రెండు రోజులు గొంతు పట్టేస్తంది. శొంఠి, పటికబెల్లం తింటే పోతదా? – మహబూబాబాద్

హాయిగా ఉంటుంది, అంతే. మింగినది స్వరతంత్రుల మీదుగా పోదు. గొంతు నులిమి గరగర తెప్పించడమే మీ బాధకు మూలం. ఒక విడతలో రెండు మూడు నిమిషాలకు మించి చేయొద్దు, మధ్యలో మామూలుగా మాట్లాడండి. ముందు ఐదు నిమిషాలు గ్లాసు నీళ్లలో స్ట్రా రెండు వేళ్ల లోతు ముంచి, బుడగలు వస్తుండగా ‘ఊ’ అని పలకండి. గొంతు పట్టేసిన రోజు గుసగుసలాడడం కూడా విశ్రాంతి కాదు, మౌనమే మందు. మూడు వారాలు దాటినా బొంగురు పోకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరు చూడాల్సిందే.

ప్రశ్న: రూములోనే రికార్డు చేస్తున్నం. నవ్వినప్పుడల్లా శబ్దం పగిలిపోతంది, మాట్లాడినప్పుడు బావిలోంచి వచ్చినట్టుంది. – నర్సంపేట

రెండూ వేర్వేరు జబ్బులు. నవ్వు మాట కంటే చాలా గట్టిగా వస్తుంది. మీరు మాట విని మైకు మట్టం పెట్టారు. అందరినీ గట్టిగా నవ్వమని, ఆ నవ్వు రికార్డింగ్ మీటరులో మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకోండి. మాట కాస్త తగ్గితే తర్వాత పెంచుకోవచ్చు, పగిలిన నవ్వును బాగుచేయలేం.

బావి శబ్దం గోడల నుంచి తిరిగొచ్చే ధ్వని. ఆటగాళ్ల వెనక గొంగళ్లు, బొంతలు వేలాడదీయండి. బల్ల మీద దుప్పటి పరవండి. సీలింగ్ ఫ్యాన్ ఆపక తప్పదు, చెమటలు పట్టినా సరే. నోటికీ మైకుకూ జానెడు లోపు దూరం ఉండాలి, మైకుకూ మైకుకూ మధ్య దానికి కనీసం మూడు రెట్లు. నోరు 15 సెంటీమీటర్లలో ఉంటే పక్క మైకు 45 సెంటీమీటర్ల అవతల. లేకపోతే ఒకరి మాట రెండు మైకుల్లో పడి డొల్లగా వినిపిస్తుంది.

గంటలకు కరెంటు బజర్లు వద్దు. సైకిల్ బెల్లు, స్టీలు గ్లాసు మీద చెంచా, ఈల, గుడి గంట లాంటి చిన్న గంట, ఇలా నలుగురికి నాలుగు. ఆపింది ఎవరో వినేవాళ్లు చెవితోనే పోల్చుకుంటారు. ఈలను మైకుకు ఎదురుగా ఊదొద్దు. అరగంట కార్యక్రమానికి ముప్పావుగంట రికార్డు చేసి కోయండి, కానీ నవ్వు అయిపోగానే కత్తెర పెట్టకండి, ఒక సెకను వదలండి. డబ్బా నవ్వులు మాత్రం అతికించొద్దు.

ప్రశ్న: పెద్ద నాయకుని గొంతుతోటి ఎవరికన్న ఫోన్ చేసి బకరా చేస్తే ప్రసారం చెయ్యొచ్చా? – వరంగల్

ఫోన్ ఎత్తిన మనిషికి అసలు సంగతి చెప్పి, ఒప్పుకున్నాకే. డబ్బు, ఉద్యోగం, ఆసుపత్రి, పోలీసు ఊసు ఆ ఫోన్లో రాకూడదు, నవ్వుతూ కూడా. ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లు సైతం ఆకాశవాణి కార్యక్రమ నియమావళికి కట్టుబడాలి. మనిషి నోటితో చేసే అనుకరణ, పేరడీ ఒక ఎత్తు, కంప్యూటర్‌తో తయారుచేసిన నకిలీ గొంతు ఇంకో ఎత్తు. 2023లో నటుడు అనిల్ కపూర్ వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు ఆయన పేరు, రూపం, గొంతును అనుమతి లేకుండా వాడుకోవద్దని ఉత్తర్వు ఇచ్చింది. కృత్రిమ మేధతో చేసినవీ అందులోకి వస్తాయి. వ్యాపార ప్రకటనలో మిమిక్రీ వాడాలంటే ముందు లాయరును అడగండి. కార్యక్రమం మొదట్లో ‘ఇవి అనుకరణ గొంతులు’ అని ఒక్క వాక్యం చెప్పేయండి.

ప్రశ్న: మిమిక్రీ దినోత్సవం నిజంగ ఉందా? – హసన్‌పర్తి

ఉంది, డిసెంబర్ 28న. మన ఓరుగల్లు బిడ్డ నేరెళ్ల వేణుమాధవ్ పుట్టినరోజు అది. 1932లో పుట్టి, 2001లో పద్మశ్రీ అందుకుని, 2018 జూన్‌లో కన్నుమూశారు. మీ కార్యక్రమానికి తేదీ వెతుక్కుంటుంటే అంతకన్నా మంచిది దొరకదు.

ప్రశ్న: పాటల ఆట ఏదన్న చెప్పండి. స్కోరు ఎవరు లెక్కపెట్టాలె? – పరకాల

ఒక పాట మాటలను ఇంకో పాట బాణీలో పాడించండి. వేమన పద్యాన్ని పాదం పాదానికీ ‘ఉయ్యాలో’ చేర్చి బతుకమ్మ బాణీలో పాడితే ఆటవెలది కాలు మడతపడి ముచ్చటగా ఉంటుంది. పాడేవాడు మాత్రం నవ్వకూడదు, భక్తిగా పాడాలి.

స్కోరు విషయానికొస్తే, పైన చెప్పిన 1972 నాటి కార్యక్రమంలో యాంకర్ పక్కన సమంతా అనే స్కోరర్ ఉందని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. ఆమె ఎన్నడూ నోరు విప్పలేదు, ఎందుకంటే అక్కడ ఎవరూ లేరు. మీరూ ఒక లచ్చవ్వను కూర్చోబెట్టుకోవచ్చు, కుర్చీ ఖాళీగా ఉంచి. నిమిషం ఆటకు మాత్రం నిజంగా లెక్కపెట్టే మనిషి, కాగితం, పెన్సిలు ఉండాలి.