‘వరవిక్రయం’ సినిమా తీస్తానంటున్న మీ అబ్బాయి గురించి

కావలి నుంచి ఒక తండ్రి రాశారు. వాళ్ల అబ్బాయి బీటెక్ ఫైనల్ ఇయర్, రెండు బ్యాక్‌లాగులు. ఉద్యోగం ఊసే ఎత్తడట, కట్నం బేరాల మీద కాళ్లకూరి నారాయణరావు గారు రాసిన ‘వరవిక్రయం’ నాటకాన్ని ఇప్పటి కుర్రాళ్లు చూసేట్టు సినిమాగా తీస్తానని రాత్రిళ్లు కూర్చుని స్క్రిప్టు రాస్తున్నాడట. వాళ్ల తాత ఒకప్పుడు తిరునాళ్లలో పద్య నాటకాలకి హార్మోనియం వాయించిన మనిషి, ఆ పిచ్చి మనవడికి అంటుకుందని వాపోయారు. "వందేళ్ల నాటి నాటకం ఇప్పుడు ఎవడు చూస్తాడు సార్, వీణ్ణి ఎట్టా దారిలో పెట్టాలో చెప్పండి" అని ప్రశ్న. అబ్బాయి రాసిన మొదటి ఇరవై పేజీలు కూడా ఫొటోలు తీసి పంపారు, మంచి పని చేశారు, లేకపోతే నేనూ మీ చుట్టాల్లాగే ఊరికే ఒక రాయి వేసి పోయేవాణ్ణి.

అన్నా, ‘ఎవడు చూస్తాడు’ అన్నారు కదా. ఈ నాటకాన్నే 1939లో సి. పుల్లయ్య గారు సినిమాగా తీశారు. అందులో పెళ్లికూతురు కాళింది వేషం కట్టింది ఎవరో తెలుసా? మన ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతి గారు, అదే ఆమె మొదటి సినిమా. కట్నం బేరమాడే పిసినిగొట్టు లింగరాజుగా వేసింది ‘సత్య హరిశ్చంద్రీయం’ నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు. 1955లో ‘కన్యాశుల్కం’ సినిమా తీసిన పి. పుల్లయ్య గారిదేమో నెల్లూరే. అంటే ఈ జబ్బు మీ అబ్బాయితో మొదలైంది కాదు, మన వైపు ముందునుంచీ ఉన్నదే.

అలాగని మీ వాడి స్క్రిప్టు బాగుందని చెప్పను. ఇక్కడి నుంచి అబ్బాయితో మాట్లాడతా, ఈ ముక్క వాడికి చూపించండి.

అబ్బాయ్, నువ్వు చేసిందేంటంటే లింగరాజుని తీసుకెళ్లి రొయ్యల చెరువుల ఓనర్ని చేశావు, పెళ్లిళ్ల పేరయ్య చేతిలో స్మార్ట్‌ఫోన్ పెట్టావు, కాళిందికి ఇన్‌స్టాగ్రామ్ ఇచ్చావు, ఆ పైన నాటకంలో డైలాగులే వాడుక భాషలోకి దించి వరసగా పేర్చుకుంటూ పోయావు. కొత్త చొక్కా తొడిగితే పాత నాటకం కొత్తది కాదు. నీ పేజీల్లో లింగరాజు "కట్నం ఎంతిస్తారు" అని నోటితోనే అడుగుతాడు. ఇవాళ నెల్లూరులో ఎవరడుగుతున్నారు అట్టా? నీ ఈడు పిల్లలు అది చూసి నవ్వేసి, ‘ఇది మన ఇంట్లో సంగతి కాదులే’ అనుకుని హాయిగా పాప్‌కార్న్ తింటారు. కాళ్లకూరి నారాయణరావు గారు రాసిన కాలంలో బేరం నలుగురి మధ్య జరిగేది, అందుకే స్టేజి మీద దాన్ని గొంతెత్తి ఆడగలిగారు. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చాక కట్నం పోలేదు, కట్నం అనే మాట పోయింది. నీ సినిమా ఆ పోయిన మాట దగ్గర మొదలవ్వాలి.

నాకు తెలిసిన ఒక పెళ్లిచూపులు చెప్తా విను. ట్రంకు రోడ్డు పక్క సందులో ఇల్లు, మగపెళ్లి వాళ్లు మలై కాజా డబ్బా పట్టుకొచ్చారు. పిల్లవాడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. అమ్మాయి తండ్రి ఉండబట్టలేక కదిపితే పెద్దావిడ నవ్వుతూ "మాకేం వద్దన్నయ్యా, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కాఫీ సగం తాగాక మళ్లీ ఆవిడే, ఎవరితోనో అన్నట్టు, "మా పెద్దకోడలికి వాళ్ల నాన్న బైపాస్ పక్కన ఎకరం రాసిచ్చాడు, మేం అడగను కూడా లేదు" అంది. అంతే, ఇంకేం అనలేదు. అమ్మాయి తండ్రి చేతిలో కాజా అట్టాగే ఉండిపోయింది, పాకం వేళ్ల మీదుగా మణికట్టు దాకా కారింది, ఆయన తుడుచుకోలేదు. అదే నీ లింగరాజు సీను. స్టేజి మీద ఆ పాకం చివరి వరసకి కనిపించదు కాబట్టి నాటకం దాన్ని మాటల్లో, పద్యాల్లో చెప్పాలి. నీకు కెమెరా ఉంది, దగ్గరికి వెళ్లు. నాటకంలో పాత్ర స్వగతంగా చెప్పే ప్రతి మాట కింద గీత గీసుకుని, ఇది చెప్పకుండా చూపించాలంటే ఏం కనపడాలి అని పక్కన రాసుకో. నేర్చుకోవాల్సిన పని నిజానికి ఇదే.

పద్యాలు ఏం చేయాలి అని పేజీ మార్జిన్లో రాసుకున్నావు. తిరునాళ్లలో అయితే రాగం తీస్తే జనం వన్స్‌మోర్ అంటారు, నటుడు మళ్లీ అందుకుంటాడు, కథ ఆగినా ఎవరికీ బాధ లేదు. థియేటర్లో కథ ఆగితే ఫోన్లు బయటికి వస్తాయి. అలాగని అన్నీ పీకేస్తే నువ్వు ఈ నాటకమే ఎందుకు పట్టుకున్నట్టు? కథలో ఒక తాతని పెట్టి ఒక్క పద్యం ఆయన చేత సగం పాడించు, సగంలో ఎవరో వచ్చి ఆపాలి. ఇది నా అభిప్రాయం, నచ్చకపోతే వదిలేయ్.

ఇప్పటి పిల్లల్ని పట్టే అసలు సరుకు నువ్వింకా ముట్టుకోని రెండో సగంలో ఉంది. కట్నం పెళ్లి ఇష్టం లేక అక్క కాళింది చచ్చిపోయాక, ఆమెకి కుదిర్చిన అదే బసవరాజుని పెళ్లాడిన చెల్లెలు కమల, డబ్బు పోసి కొన్న మొగుడు మా ఇంట్లోనే ఉండాలని కూర్చుంటుందే, వ్యవహారం కోర్టుదాకా పోతుందే, అది ఈ రోజు రాసినా కొత్తగానే ఉంటుంది. నన్నడిగితే సినిమా కమలదే. కాళింది చావుని మాత్రం సెంటిమెంటు సీనుగా సాగదీయకు, చావే దారి అన్నట్టు అసలు చూపించకు, చూసేవాళ్లలో ఆ టెన్షన్‌లో ఉన్న ఆడపిల్లలు ఉంటారు. విశాల్ భరద్వాజ్ షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ని ముంబై మాఫియాలోకి తెచ్చి 2003లో ‘మక్బూల్’ తీసినప్పుడు జోస్యం చెప్పే మంత్రగత్తెల్ని ఇద్దరు పోలీసుల్ని చేశాడు, జాతకాలు చెప్పే పోలీసులు. వేషం మారింది గానీ కథలో వాళ్లు చేసే పని మారలేదు. నాటకం, ఆ సినిమా పక్కపక్కన పెట్టుకుని చూడు, నీ పేరయ్యని ఏం చేయాలో నీకే తడుతుంది.

హక్కుల సంగతి ఇద్దరూ వినండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. కాళ్లకూరి వారు పోయింది 1927లో, కాబట్టి ఆ నాటకం మీద ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు, పర్మిషనూ అక్కర్లేదు. అదే నిన్నామొన్నటి పరిషత్తు (పోటీల్లో ఆడే) నాటకం ఏదైనా పట్టుకుంటే మాత్రం రచయిత దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాల్సిందే, ‘ఆయన మనవాడే, ఏమనుకోడు’ అనే లెక్క కుదరదు. నీ స్క్రిప్టు పూర్తయ్యాక హైదరాబాదులో తెలుగు సినీ రచయితల సంఘంలో రిజిస్టరు చేయించుకున్నాకే ఎవరికైనా చూపించు.

ఇక అన్నా, మీ టెన్షన్ సంగతి. సినిమా నేర్పేవి పూణేలో ఎఫ్‌టీఐఐ (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్), కోల్‌కతాలో సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి, రెండూ కేంద్ర ప్రభుత్వానివే. డైరెక్షన్ మూడేళ్లు, ఏ డిగ్రీ అయినా చాలు, కానీ ఎంట్రన్స్, ఇంటర్వ్యూ ఉంటాయి, సీట్లు చాలా తక్కువ. మొదటిసారే రాకపోతే వాణ్ణి తిట్టకండి. చెన్నై మనకి దగ్గరే గానీ అక్కడి ఎంజీఆర్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ కోర్సు ఇంటర్ తర్వాతది, ఇప్పుడు దానికోసం నాలుగేళ్లు మళ్లీ మొదలుపెట్టడం దండగ. నాటకం వైపు ఆసక్తి ఉంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది, ఢిల్లీలో ఎన్‌ఎస్‌డీ (నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా) ఉంది. వీణ్ణి చూస్తే నాకు సెంట్రల్ యూనివర్సిటీ బాగా సరిపోతుందనిపిస్తోంది, ఖర్చు కూడా ప్రైవేటుతో పోలిస్తే బాగా తక్కువ. ఆరు నెలల్లో డైరెక్టర్ని చేస్తాం అనే ప్రకటనలు చూసి లక్షలు కట్టకండి, మా కజిన్ కొడుకు ఒకచోట కట్టాడు, వాడికి చివరికి మిగిలింది క్లాప్‌బోర్డు పట్టుకున్న ఒక ఫొటో. అసిస్టెంట్ డైరెక్టరుగా చేరినా మొదట్లో జీతం అనేది చెప్పుకునేంత ఉండదు, రెండు మూడేళ్లు ఇంటి నుంచే డబ్బు పంపాల్సి రావచ్చు, ఆ లెక్క ఇప్పుడే వేసుకోండి.

సినిమా సంగతి ఇంకా దూరం. ముందు ఆ పెళ్లిచూపుల సీను ఒక్కటే పది నిమిషాల షార్ట్‌ఫిల్మ్‌గా తీయమనండి. మీ ఇంట్లోనే, ఫోన్‌తోనే, మైకు ఒకటి మంచిది అద్దెకి తెచ్చుకుని, ఎందుకంటే బొమ్మ మసగ్గా ఉన్నా చూస్తారు గానీ మాట వినపడకపోతే చూడరు. ఆడవేషాలకి ఊళ్లో పరిషత్తు నాటకాలు ఆడిన వాళ్లని అడగండి, కాకపోతే వాళ్లు గొంతు పెంచకుండా చూసుకోవాలి, అలవాటు కొద్దీ చివరి వరసకి వినిపించేస్తారు. ఆ షార్ట్‌ఫిల్మ్ ఇంటర్వ్యూల్లో సర్టిఫికెట్ల కంటే ఎక్కువ పనికొస్తుంది. బాగా రాకపోతే రెండోది తీస్తాడు, రెండోది కూడా తీయబుద్ధి కాకపోతే అప్పుడు మీరూ నేనూ కూర్చుని ఉద్యోగం గురించి మాట్లాడదాం.

అన్నట్టు ఆ రెండు బ్యాక్‌లాగులు వచ్చే సప్లిమెంటరీలో రాసేయమనండి. ఏ డిగ్రీ అయినా చాలు అన్నానే గానీ డిగ్రీ లేకపోయినా చాలు అనలేదు.