ముచ్చటపడి పెట్టిన జీనియా ట్యాంకంతా పాకితే

ప్రశ్న: మాది 200 లీటర్ల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం). ఏడాది కిందట వేలెడంత సాఫ్ట్ కోరల్ (మెత్తటి పగడం) ముక్క పెట్టాం. పిడికిలి మూసి తెరుస్తున్నట్టు ఆడుతుంటే ముచ్చటేసింది. ఇప్పుడు రాళ్లు, వెనక అద్దం, పంపు జాలీ అన్నీ అదే. బ్లేడుతో గీకితే ఇంకా ఎక్కువైంది. ఏమిటిది? తీసినదాన్ని సముద్రంలో వదిలేయొచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆ పిడికిలి ఆటను బట్టి అది జీనియా. ప్లాస్టిక్ పుల్లతో తాకి చూడండి. జీనియా కాస్త ముడుచుకుంటుంది గానీ లోపలికి పోలేదు. ఊదారంగు చాపలాంటి పొరలోకి పూర్తిగా దాక్కుంటే అది గ్రీన్ స్టార్ పాలిప్ అనే మరో సాఫ్ట్ కోరల్. లావు కాడ చివర గుత్తిగా ఉంటే జీనియా. చాప మీంచి ఒక్కొక్కటే లేస్తే ఆంథీలియా అనే ఇంకో రకం.

గీకడమే కొంప ముంచింది. రాతికి అంటిన పల్చటి పొర మిగిలితే అక్కడే మళ్లీ మొలుస్తుంది. తెగిన ముక్కలు కొట్టుకుపోయి తగిలినచోటల్లా అతుక్కుంటాయి.

పంపులు ఆపండి. కదిలే రాళ్లను ట్యాంకు నీళ్లే పోసిన బకెట్లోకి తీసి, పట్టకారుతో కాడను మొదలంటా లాగి, ఆ చోటును టూత్‌బ్రష్‌తో రుద్దండి. కుళాయి నీళ్లతో కడిగితే రాతిలోని మేలు చేసే బ్యాక్టీరియా చస్తుంది. కదలని రాళ్ల దగ్గర ఒక చేత్తో లాగుతూ, రెండో చేత్తో నీళ్లు బయటికి లాగే సైఫన్ గొట్టం మూతి అక్కడే పట్టుకోండి. మిగిలిన మచ్చ మీద అక్వేరియం ఎపాక్సీ పుట్టీని (నీళ్లలోనే గట్టిపడే ముద్ద) అంచు దాటి ఒక సెంటీమీటరు దాకా అదమండి. అద్దం మీదిది పాత ఏటీఎం కార్డుకే ఊడొస్తుంది.

ఒకేరోజు అంతా పీకకండి. నలిగిన కండ కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది. వారానికి మూడోవంతు చాలు. ప్రతిసారీ 40 లీటర్లు మార్చి, ఫిల్టర్లో తాజా యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి.

గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. విసుగొచ్చి రాయిని మాత్రం ఉడకబెట్టకండి. దానిమీద బొత్తాల్లాంటి జోయాంథిడ్లు (పగడాల బంధువులు) ఉంటే, వాటిలో కొన్నింటిలో ఉండే పాలీటాక్సిన్ అనే విషం ఆవిరితో పాటు లేచి ఊపిరితిత్తులకు ఎక్కుతుంది. ఆస్పత్రి పాలైనవాళ్లున్నారు.

పశువుల నులిపురుగుల మందు ఫెన్‌బెండజోల్ జీనియాను చంపుతుంది, నిజమే. నత్తలు, పురుగులు, మిగతా సాఫ్ట్ కోరల్స్ కూడా దెబ్బతింటాయి, పైగా మందు రాళ్లలో ఉండిపోతుంది. నా ఓటు దానికి లేదు.

సముద్రంలోనా? వద్దే వద్దు. జీనియా కుటుంబానికే చెందిన యూనోమియా స్టోలోనిఫెరా అక్వేరియం వ్యాపారం ద్వారా వెనెజువెలా తీరానికి చేరి, మోచిమా నేషనల్ పార్కులో అక్కడి పగడాలను కప్పేసింది. 2020లో హవాయిలోని పెర్ల్ హార్బర్‌లోనూ బయటపడింది. తీసిన ముక్కల్ని ఎండలో బాగా ఎండనిచ్చి చెత్తలో వేయండి. బకెట్ నీళ్లలో బ్లీచ్ కలిపి, ఒకరోజు ఆరుబయట ఉంచాకే పారబోయండి.