రూట్ కెనాల్ సగంలో ఉంది... అమెరికా ప్రయాణం ఎలా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. షుగర్‌కు మాత్రలు వాడుతున్నాను. రెండు నెలల క్రితం కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ మొదలుపెట్టి, తాత్కాలికంగా సిమెంటు పెట్టారు. నొప్పి పోవడంతో మళ్లీ వెళ్లలేదు. మరో 20 రోజుల్లో అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. ఆరు నెలలు ఉంటాం. మావారికి కట్టుడు పళ్లు ఉన్నాయి. ఎలాంటి జాగ్రత్తలు తీసుకోవాలి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ఈ వారంలోనే మీ దంతవైద్యుల దగ్గరికి వెళ్లండి. మిగతా జాగ్రత్తలన్నీ ఆ తర్వాతే. మీకు నొప్పి పోయింది పన్ను బాగుపడి కాదు, లోపలి నరం తీసేయడం వల్ల. తాత్కాలిక సిమెంటు కొన్ని వారాల కోసమే పెడతారు. ఆ తర్వాత అది అరిగిపోయి, అంచుల నుంచి లాలాజలం, దాంతోపాటు సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి. నరం లేని పన్ను కింద చీము పట్టినా చాలా రోజులు తెలియకపోవచ్చు. తెలిసేసరికి దవడ వాచిపోతుంది. షుగర్ ఉన్నవారిలో ఇన్ఫెక్షన్ త్వరగా ముదురుతుంది, దానివల్ల షుగర్ కూడా అదుపు తప్పుతుంది.

భయపడకండి, 20 రోజులు సాధారణంగా సరిపోతాయి. చాలావరకు రూట్ కెనాల్ ఒకటి రెండు సిట్టింగుల్లో పూర్తవుతుంది, క్యాప్ తయారు కావడానికి సుమారు వారం పడుతుంది. ప్రయాణానికి నాలుగైదు రోజుల ముందే క్యాప్ బిగించమని అడగండి. కొరికినప్పుడు ఎత్తుగా తగిలితే సరిచేయించుకోవచ్చు. క్యాప్ లేని దవడ పన్ను పెళుసుగా ఉంటుంది. పెట్టెలో చెక్కలు, జంతికలు లేకుండా మనవాళ్లు అమెరికా వెళ్లరు కదా, అలాంటిది ఒక్కటి కొరికినా ఆ పన్ను నిలువునా చీలిపోవచ్చు. అలా చీలితే తీసేయడం తప్ప మార్గం ఉండదు. మిగతా పళ్లను కూడా అదే రోజు చూపించుకోండి. పుచ్చిన పన్నులోనో, ఊడిపోతున్న ఫిల్లింగ్ కిందనో గాలి చిక్కుకుని ఉంటే విమానంలో పీడనం తగ్గినప్పుడు అది వ్యాకోచించి తీవ్రంగా నొప్పి పుడుతుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి ఖర్చు కూడా ఒక కారణం. అమెరికాలో పంటి వైద్యం చాలా ఖరీదు. సందర్శకుల బీమా పాలసీల్లో చాలావరకు పాత పంటి సమస్యలను పట్టించుకోవు, హఠాత్తుగా వచ్చిన నొప్పికి కూడా పరిమితంగానే చెల్లిస్తాయి. పాలసీలో ఆ భాగాన్ని మీ అమ్మాయిని చదవమనండి. అక్కడి దంతవైద్య కళాశాలల క్లినిక్‌లలో ఫీజు కొంత తక్కువ. దగ్గరలో ఏది ఉందో ముందే తెలుసుకోమనండి. మీ ఎక్స్‌రేలు, చికిత్స వివరాలు ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి.

విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది, నోరు ఎండిపోతుంది. లాలాజలం తగ్గితే పళ్లకు రక్షణ తగ్గుతుంది కాబట్టి తరచూ మంచినీళ్లు తాగండి. చెవుల దిబ్బడ కోసం చప్పరించే బిళ్లలు చక్కెర లేనివి తీసుకోండి. చేతిసంచిలో 100 మిల్లీలీటర్లలోపు ఫ్లోరైడ్ పేస్టు, బ్రష్ పెట్టుకుని, ఏ దేశపు రాత్రయినా సరే, నిద్రకు ముందు పళ్లు తోముకోండి. వెళ్లిన కొత్తలో నిద్ర పట్టక అర్ధరాత్రి సున్నుండలు తినే అలవాటు పళ్లకూ, షుగర్‌కూ మంచిది కాదు.

మీవారి కట్టుడు పళ్లు, వాటి డబ్బా చేతిసంచిలోనే ఉండాలి. భోజనం దగ్గర తీసి కాగితంలో చుట్టిపెడితే ట్రేతో పాటు చెత్తలోకి పోతాయి. నిద్రపోయేటప్పుడు తీసి మామూలు నీళ్లలో ఉంచాలి. వేడినీళ్లలో వేస్తే వంకర పోతాయి.

అక్కడ నొప్పి వస్తే పారాసిటమాల్ వేసుకోవచ్చు. వేరే నొప్పి మాత్రలు మీ షుగర్ డాక్టర్‌ను అడగకుండా వాడవద్దు, కిడ్నీలకు ఇబ్బంది. మాత్రను చిగురుపై పెట్టుకోవద్దు, పుండు పడుతుంది. ఇక్కడి నుంచి యాంటీబయాటిక్ మాత్రలు తీసుకెళ్లి సొంతంగా మొదలుపెట్టకండి. నరం పోయిన పన్నులో రక్తప్రసారం ఉండదు కాబట్టి మందు లోపలికి చేరదు, పన్నుకు చికిత్స చేయాల్సిందే. వాపుతో పాటు జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా ఖర్చు గురించి ఆలోచించకుండా వెంటనే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.