ఆటతీరును బట్టే ఆటగాళ్లు

ప్రశ్న: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో జట్టు దాడి చేసే పద్ధతిని చూసి హైస్కూల్ కుర్రాళ్లు కాలేజీని ఎంచుకుంటారా? – ఒక పాఠకుడు, అట్లాంటా

జవాబు: తప్పక చూస్తారండీ. మీ ఊరి జార్జియా టెక్ కాలేజీనే తీసుకోండి. 2008 నుంచి 2018 వరకు కోచ్‌గా ఉన్న పాల్ జాన్సన్ అక్కడ ‘ట్రిపుల్ ఆప్షన్’ ఆడించారు, అంటే ముగ్గురిలో బంతి ఎవరి చేతికి వెళ్లాలో ఆట మధ్యలోనే తేల్చుకునే పద్ధతి. ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్, బంతితో దూసుకెళ్లే ఫుల్‌బ్యాక్ పొట్టకు దానిని ఆనించిన ఆ అరక్షణంలోనే, ఎదుటి డిఫెండర్ కదలికను బట్టి, బంతిని ఫుల్‌బ్యాక్‌కే వదిలేయాలో, వెనక్కి లాక్కుని తానే పరుగెత్తాలో, పక్కవాడికి విసరాలో తేల్చుకోవాలి కనుక, బలమైన చేయి కన్నా చురుకైన కాళ్లే అందులో ముఖ్యం. ఎన్ఎఫ్ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) మీద ఆశ పెట్టుకున్న రిసీవర్లు, అంటే దూరం విసిరిన బంతిని పట్టే ఆటగాళ్లు, అలా పరుగు మీదే నడిచే చోటికి రావడానికి వెనుకాడటం సహజమే. అయినా ఆ పద్ధతిలో ఆడిన రిసీవర్ డెమేరియస్ థామస్‌ను 2010లో ఎన్ఎఫ్ఎల్ జట్టు డెన్వర్ బ్రాంకోస్, కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండులోనే తీసుకుంది. నా దృష్టిలో అసలు సంగతి వేరు: బరువు చాలదని పెద్ద జట్లు వదిలేసిన కుర్రాళ్లకు ఇందులో చోటు దొరుకుతుంది, అమెరికా సైనిక, నౌకాదళ అకాడమీల జట్లయిన ఆర్మీ, నేవీ ఏళ్ల తరబడి దీనినే నమ్ముకోవడానికి అదొక కారణం.