నగలు కుదువపెట్టి శూన్యాన్ని కొంటారా?

ప్రశ్న: వరంగల్ ఏనుమాముల మార్కెట్ దగ్గర కారం గిర్ని నడుపుతున్నాను. కరెంటు బిల్లు నెలకు 18 వేలు. శూన్యం నుంచి కరెంటు తీసే క్వాంటమ్ యంత్రాన్ని 6 లక్షలకు ఇస్తామంటున్నారు. నా భార్య నగల మీద 4 లక్షలు, చిట్టీ పాడి 2 లక్షలు తేవాలనుకుంటున్నాను. ఇంటికీ గిర్నికీ కలిపి నెల ఖర్చు 60 వేలు. బ్యాంకులో 22 వేలున్నాయి. కొనవచ్చా?

జవాబు: వద్దు. మీ ఉత్తరంలో నా కన్ను ఆగింది ఆఖరి అంకె దగ్గరే. 22 వేలంటే పదకొండు రోజుల ఖర్చు. మిర్చి సీజను మధ్యలో మోటారు కాలితే పన్నెండో రోజు ఎవరి గుమ్మం ఎక్కుతారు?

యంత్రం సంగతికి వస్తే, వాళ్లు చెప్పేదాంట్లో కాస్త నిజం ఉంది, మోసపోయేది అక్కడే. చాలా దగ్గరగా ఉంచిన రెండు లోహపు పలకలను శూన్యమే దగ్గరికి నెడుతుందని 1948లో హెండ్రిక్ కాసిమిర్ అనే భౌతిక శాస్త్రవేత్త లెక్కగట్టాడు. 1997లో స్టీవ్ లామరో అనే మరో శాస్త్రవేత్త ఆ బలాన్ని కొలిచాడు. అయితే పలకలు కలిసేటప్పుడు శక్తి వచ్చేది ఒక్కసారే. మళ్లీ విడదీయాలంటే కనీసం అంత శక్తీ మీరే పెట్టాలి. ఒకసారి పాడిన చిట్టీని మళ్లీ పాడలేరు కదా! ఆ ఒక్కసారి వచ్చేదైనా ఎంత? పలకల మధ్య మీటరులో పది కోట్లవ వంతు సందు ఉంచినా, ఒక్క యూనిట్ కరెంటుకు దాదాపు 8,300 చదరపు కిలోమీటర్ల పలకలు కావాలి. పాత ఉమ్మడి వరంగల్ జిల్లాలో సగానికి పైనే! శూన్యంలోని శక్తి అట్టడుగు మట్టంలో ఉంటుంది. తూముకు దిగువన ఎంత నీరున్నా కాలువలోకి రాదని పాకాల చెరువు కింద సేద్యం చేసేవారికి నేను చెప్పాలా?

ఇక అప్పు. నూటికి రూపాయి వడ్డీ వేసుకున్నా నగల మీద నెలకు 4 వేలు. పైన చిట్టీ వాయిదాలు. 18 వేల బిల్లు ఎక్కడికీ పోదు. ఆమె నగలు వేలానికి వెళ్లే దారి ఇది. ఇలాంటి ఉత్తరాలు చదివినప్పుడల్లా నాకు ఓపిక నశిస్తోంది.

ముందు ఆరు నెలల ఖర్చు, అంటే 3.6 లక్షలు, గిర్ని ఖాతాతో కలపకుండా విడిగా కూడబెట్టండి. నెలకు 15 వేల చొప్పున వేస్తే రెండేళ్లలో అవుతుంది. చిట్టీని ఇప్పుడు పాడకండి. ఆఖరున వచ్చే మొత్తాన్ని ఇందులోనే వేస్తే ఇంకా ముందే పూర్తవుతుంది. బిల్లు తగ్గాలంటే సోలార్ ఉంది, కానీ ఈ నిధి తరువాతే. మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు అందించే టర్మ్ బీమా లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

యంత్రానికి అడ్వాన్సు ఏమైనా ఇచ్చి ఉంటే, రశీదు పట్టుకుని రేపే వెళ్లి అడగండి.