టెక్ సందేహాలు: వంశవృక్షం సాఫ్ట్‌వేర్‌లోకి ఇంటి రికార్డులు

కుటుంబ రికార్డుల మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. మెనూల పేర్లు గ్రాంప్స్ అనే వంశవృక్షం ప్రోగ్రామ్‌వి. అది ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, డేటా మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. వేరే ప్రోగ్రామ్ వాడేవాళ్లకు బటన్లు వేరే చోట ఉంటాయి గానీ పద్ధతి ఇదే.

ఎక్సెల్‌లో నాలుగు వందల మంది వివరాలున్నాయి. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ అని కాలమ్‌లు పెట్టుకున్నాను. మళ్లీ టైప్ చేయకుండా ఎక్కించే దారి ఉందా?

ఉంది. కానీ ముందు షీట్‌ను కొంచెం మార్చాలి. మీ షీట్‌లో తండ్రి గడిలో ఉన్నది ఒక పేరు మాత్రమే. సాఫ్ట్‌వేర్‌కు కావలసింది ఆ పేరుగల మనిషి ఎవరన్నది. ఒకే పేరుతో ముగ్గురుంటే అది తేల్చుకోలేదు. అందుకే మొదటి కాలమ్‌లో ప్రతి మనిషికీ ఒక నంబరు ఇవ్వండి. తర్వాత తండ్రి, తల్లి గడుల్లో పేర్లు తీసేసి వాళ్ల నంబర్లు వేయండి. ఈ పని చేత్తోనే చేయండి. పేరును బట్టి నంబరు వెతికిచ్చే ఎక్సెల్ వీలుకప్ (VLOOKUP) ఫార్ములా మొదట కనిపించిన పేరునే పట్టుకుంటుంది. తాత పేరే మనవడికి పెట్టిన కుటుంబంలో మనవడి పిల్లలు కాస్తా తాతకు పిల్లలైపోతారు, ఎక్కడా ఎర్రర్ కూడా రాదు.

గ్రాంప్స్ సీఎస్‌వీ ఫైలును, అంటే గడుల మధ్య కామాలు పెట్టిన మామూలు టెక్స్ట్ పట్టికను తీసుకుంటుంది. ఒకే ఫైలులో మూడు పట్టికలుండాలి, పట్టికకూ పట్టికకూ మధ్య ఒక ఖాళీ వరుస. మొదటిది మనుషులది: పర్సన్, గివెన్, సర్‌నేమ్, జెండర్, బర్త్‌డేట్. రెండోది పెళ్లిళ్లది: మ్యారేజ్, హజ్బెండ్, వైఫ్, డేట్. మూడోది పిల్లలది: ఫ్యామిలీ, చైల్డ్. ఈ హెడింగులు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి. కింద పేర్లు తెలుగులో ఉండొచ్చు. పర్సన్ కాలమ్‌లో మీరిచ్చిన నంబరే హజ్బెండ్, వైఫ్, చైల్డ్ గడుల్లో కనిపించాలి. అలాగే మ్యారేజ్ కాలమ్‌లో ప్రతి జంటకూ ఒక నంబరు పెట్టి, దాన్నే ఫ్యామిలీ కాలమ్‌లో వాడాలి.

తేదీల దగ్గర ఎక్సెల్‌తో చిక్కొస్తుంది. 1900కు ముందున్న తేదీని అది తేదీగా గుర్తించదు, మామూలు అక్షరాలుగా ఉంచేస్తుంది. ఆ తర్వాతివాటిని మాత్రం కంప్యూటర్ సెట్టింగ్ ప్రకారం తిప్పి చూపిస్తుంది. 05/06/1948 అంటే మే ఆరా, జూన్ ఐదా అన్నది ఇక తేలదు. కాలమ్ మొత్తాన్ని టెక్స్ట్‌గా మార్చి ఏడాది, నెల, రోజు వరుసలో 1948-06-05 అని రాసుకోండి. సేవ్ చేసేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్‌-8’ అన్నదే ఎంచుకోండి. యూటీఎఫ్‌-8 అంటే అన్ని లిపుల అక్షరాలకూ చోటున్న కోడ్. దాని పక్కనే ఉండే మామూలు సీఎస్‌వీలో తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలైపోతాయి.

నాలుగు వందల మందినీ ఒక్కసారే ఎక్కించకండి. ఖాళీ ట్రీ ఒకటి తెరిచి, మూడు తరాలకు చెందిన పది మందితో ప్రయత్నించండి. సంబంధాలన్నీ సరిగ్గా వస్తే ఆ ట్రీ తీసేసి, పూర్తి ఫైలును కొత్త ట్రీలోకి తెచ్చుకోండి. ఇప్పటికే మనుషులున్న ట్రీలోకి ఇంపోర్ట్ చేస్తే అప్పటిదాకా ఉన్న అన్‌డూ చరిత్ర చెరిగిపోతుంది. వెనక్కి వెళ్లే దారి ఉండదు కాబట్టి ముందు బ్యాకప్ తప్పనిసరి.

నాయనమ్మ పుట్టిన తేదీ స్కూల్ సర్టిఫికెట్‌లో ఒకటి, ఆసుపత్రి కాగితంలో ఇంకొకటి. ఏది వేయాలి? ముత్తాతకైతే పుట్టిన ఏడాది కూడా తెలియదు.

రెండూ వేయండి. ఈ సాఫ్ట్‌వేర్‌లు నోటుబుక్కు కంటే మెరుగయ్యేది సరిగ్గా ఇక్కడే. గ్రాంప్స్‌లో మనిషి వేరు, ఘటన వేరు, ఆ ఘటనకు ఆధారం వేరు. నాయనమ్మకు రెండు జనన ఘటనలు చేర్చి, ఒక్కోదానికి దాని కాగితాన్ని ఆధారంగా తగిలించండి. మీరు నమ్మే ఘటనను జాబితాలో పైన ఉంచండి. రిపోర్టుల్లోకి, చార్టుల్లోకి వెళ్లేది అదే. ఆధారానికి ఎంత నమ్మకం ఉందో చెప్పే గడి కూడా ఉంటుంది, ‘వెరీ లో’ నుంచి ‘వెరీ హై’ దాకా అయిదు మెట్లు. పుట్టిన రోజునో మర్నాడో రాసిన కాగితానికి, ఆరేడేళ్ల తర్వాత బడిలో చేర్చేటప్పుడు నోటిమాటగా చెప్పిన తేదీకి ఒకే నమ్మకం ఇవ్వకూడదు.

సోర్స్, సైటేషన్ అన్న రెండింటినీ చాలామంది కలిపేసుకుంటారు. రిజిస్టరు మొత్తం ఒక సోర్స్. అందులో ఫలానా పేజీ, ఫలానా వరుస అన్నది సైటేషన్. ఆ రిజిస్టరు దొరికే చోటు రిపాజిటరీ. ఒకే రిజిస్టరులో ఇరవై మంది బంధువులుంటే సోర్స్ ఒక్కటే, సైటేషన్లు ఇరవై. ఇది మొదట్లోనే అలవాటు చేసుకోకపోతే ఒకే రిజిస్టరు ఇరవై పేర్లతో జాబితాలో పేరుకుపోతుంది.

ఇక ముత్తాత సంగతి. ఏడాది మాత్రమే తెలిస్తే ఏడాది మాత్రమే రాయండి. జనవరి 1 అని చేర్చకండి. పదేళ్ల తర్వాత చూసినవాళ్లకు అది నిజమైన తేదీలాగే కనిపిస్తుంది. తేదీ గడిలో ‘అబౌట్’, ‘బిఫోర్’, ‘ఆఫ్టర్’, ‘రేంజ్’ (రెండు తేదీల మధ్య) అన్నవి ఉన్నాయి. పెళ్లి 1938లో జరిగినట్టు ఆధారముంటే పుట్టుక ‘1938కి ముందు’. 1975లో, యాభై రెండేళ్ల వయసులో పోయారని రాసి ఉంటే పుట్టింది 1922 లేదా 1923. అలాంటప్పుడు ‘రేంజ్’ ఎంచుకుని, పక్కనున్న నాణ్యత గడిలో ‘క్యాలిక్యులేటెడ్’ పెట్టండి. ‘పెద్ద గాలివాన వచ్చిన ఏడాది’ అని మాత్రమే ఇంట్లో చెప్పుకుంటుంటే ఆ మాటనే ‘టెక్స్ట్ ఓన్లీ’ తేదీగా ఉంచండి. గాలివాన ఏ ఏడాదో తేలాక అంకె వేయొచ్చు.

పేర్లకూ ఇదే పద్ధతి. పెళ్లితో ఇంటిపేరు మారిన చోట పుట్టింటి పేరును ప్రధాన పేరుగా ఉంచి, మారిన పేరును ఆల్టర్నేటివ్ నేమ్స్‌లో ‘మ్యారీడ్ నేమ్’ రకంగా చేర్చండి. కాగితంలో స్పెల్లింగ్ తప్పుంటే ఆ తప్పు స్పెల్లింగ్‌నూ ఒక ప్రత్యామ్నాయ పేరుగా ఉంచండి. రేపు వేరే రికార్డు వెతికేటప్పుడు పనికొచ్చేది అదే.

చార్టులో ఒకే ముత్తాత రెండు చోట్ల కనిపిస్తున్నాడు. ఒకటి డిలీట్ చేయనా?

వద్దు. మీ అమ్మానాన్నల వైపు పూర్వీకుల్లో ఒకరు ఉమ్మడిగా ఉంటే ఆయన రెండు దారుల్లోనూ వస్తాడు. పూర్వీకుల నంబరింగ్‌లో మీరు 1, మీ తండ్రి 2, తల్లి 3. ఎవరి నంబరునైనా రెండింతలు చేస్తే వాళ్ల తండ్రి, దానికి ఒకటి కలిపితే తల్లి. ఉమ్మడి పూర్వీకుడికి ఈ లెక్కలో రెండు నంబర్లు రావడం సహజం. పీపుల్ జాబితాలో ఆయన ఐడీ ఒక్కటే ఉందేమో చూడండి. ఒక్కటే ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టే. చార్టు చక్కగా కనబడాలని డేటాను ఎప్పుడూ కత్తిరించకండి. చార్టును ఎన్నిసార్లయినా మళ్లీ గీయించుకోవచ్చు.

కొత్త ల్యాప్‌టాప్‌లోకి మార్చాక మనుషులందరూ వచ్చారు, ఫొటోలు మాత్రం ఒక్కటీ కనబడటం లేదు.

ఫొటోలు గ్రాంప్స్ లోపల ఉండవు. ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో ఆ దారి మాత్రమే అది గుర్తుపెట్టుకుంటుంది. పాత కంప్యూటర్‌లో యూజర్ పేరు వేరు, డ్రైవ్ అక్షరం వేరు అయితే ఆ దారి ఇక్కడ ఎక్కడికీ చేరదు.

ముందు ఫ్యామిలీ ట్రీస్ మెనూలో ‘మేక్ బ్యాకప్’ నొక్కండి. పాత కంప్యూటర్‌లోని ఫొటోల ఫోల్డర్‌ను లోపలి సబ్ ఫోల్డర్లతో సహా, అమరిక మార్చకుండా కొత్తదానిలోకి కాపీ చేయండి. ప్రిఫరెన్సెస్‌లో ‘బేస్ మీడియా పాత్’ దగ్గర ఆ ఫోల్డర్‌ను చూపించండి. తర్వాత టూల్స్, అందులో యుటిలిటీస్, అందులో మీడియా మేనేజర్. ముందుగా దారిలోని పాత ముక్కను కొత్త ముక్కతో మార్చే పని ఎంచుకోండి. అది పూర్తయ్యాక మళ్లీ మీడియా మేనేజర్ తెరిచి, పూర్తి దారులను సాపేక్ష దారులుగా, అంటే ‘రిలేటివ్’గా మార్చమనండి. ఇకపై ఎప్పుడు కంప్యూటర్ మారినా బేస్ పాత్ ఒక్కటి సరిచేస్తే చాలు. విండోస్ నుంచి లినక్స్‌కు వెళ్తే ఇంకో సంగతి చూసుకోవాలి: లినక్స్‌కు పెద్ద అక్షరాల జేపీజీ వేరు, చిన్న అక్షరాల జేపీజీ వేరు. కొన్ని ఫొటోలు వచ్చి కొన్ని రాలేదంటే చాలావరకు ఇదే కారణం.

ఈసారి మార్చేటప్పుడు ఎక్స్‌పోర్ట్‌లో ‘గ్రాంప్స్ ఎక్స్‌ఎంఎల్ ప్యాకేజ్’ తీసుకోండి. డేటా, ఫొటోలు కలిసి ఒకే ఫైలుగా వస్తాయి.

స్కానింగ్ గురించి ఇద్దరు ముగ్గురు అడిగారు. చేతిలో పట్టే పాత ఫొటోలకు 600 డీపీఐ (అంగుళానికి చుక్కలు), మామూలు కాగితాలకు 300 సరిపోతుంది. నాలుగు బై ఆరు అంగుళాల ఫొటో 600 దగ్గర 2400 బై 3600 పిక్సెళ్లు, రంగుల్లో కుదించని టిఫ్‌గా దాదాపు 26 ఎంబీ. ఆ టిఫ్‌ను భద్రపరిచి, జేపీజీ నకలును గ్రాంప్స్‌కు తగిలించండి. ఫొటో వెనక వైపు తప్పకుండా స్కాన్ చేయండి. పేరు, ఏడాది, స్టూడియో ముద్ర ఉండేది అక్కడే. ఫైలు పేర్లు 1962-05-14 లాంటి తేదీతో మొదలయ్యేలా, ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి. తెలుగు ఫైలు పేర్లను కొన్ని జిప్ ప్రోగ్రామ్‌లు పాడుచేస్తాయి. ట్రీకి తగిలించాక మాత్రం పేరు మార్చకండి. బంధువులు వాట్సాప్‌లో పంపేటట్టయితే ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదంటే కుదించిన నకలు చేరుతుంది.

అన్నయ్య పంపిన జెడ్‌కామ్ ఫైలు తెరిస్తే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా వస్తున్నాయి.

ఫైలును ఇంపోర్ట్ చేయకుండా నోట్‌ప్యాడ్‌లో తెరవండి. వంశవృక్షం ప్రోగ్రామ్‌ల మధ్య డేటా పంపుకోవడానికి వాడే జెడ్‌కామ్ (GEDCOM) మామూలు టెక్స్ట్ ఫైలే. అందులో రెండు రకాల చెడు కనిపించవచ్చు, వాటికి మందులు వేరు. పేర్ల చోట నిజంగానే ప్రశ్నార్థకాలుంటే అక్షరాలు ఎక్స్‌పోర్ట్‌లోనే పోయాయి. ఈ ఫైలుతో ఏం చేసినా తిరిగి రావు. అన్నయ్యగారి ప్రోగ్రామ్‌లో క్యారెక్టర్ సెట్‌ను యూటీఎఫ్‌-8గా పెట్టించి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయించండి. అలా కాక తెలుగు సరిగ్గానే కనబడితేనో, తలమీద గీతున్న ‘ఏ’, పక్కన డిగ్రీ గుర్తు పదేపదే వస్తుంటేనో, అక్షరాలు క్షేమంగానే ఉన్నాయి, చదివే తీరు తప్పింది. ఆ ‘ఏ’లు వస్తుంటే ముందు నోట్‌ప్యాడ్ ఓపెన్ కిటికీలో ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్‌-8గా ఎంచుకుని ఫైలును మళ్లీ తెరవండి. తెలుగు సరిగ్గా కనబడ్డాక ఫైలు పైభాగంలో ‘1 చార్’ (1 CHAR) అని మొదలయ్యే వరుస చూడండి. అక్కడ ఏఎన్‌ఎస్‌ఐ (ANSI) అనో, ఏఎన్‌ఎస్‌ఈఎల్ (ANSEL) అనో పాత కోడ్ పేరు ఉంటే దాన్ని యూటీఎఫ్‌-8గా మార్చి, యూటీఎఫ్‌-8లోనే వేరే పేరుతో సేవ్ చేసి ఇంపోర్ట్ చేయండి.

జెడ్‌కామ్ 5.5 వెర్షన్‌లో యూటీఎఫ్‌-8 లేదు. ఏఎన్‌ఎస్‌ఈఎల్ అన్నది లాటిన్ లిపి కోసం చేసిన కోడ్, అందులో తెలుగుకు చోటే లేదు. 1999 నాటి 5.5.1లో యూటీఎఫ్‌-8 చేరింది. 2021లో వచ్చిన 7.0 దాన్ని తప్పనిసరి చేసింది. పాత ప్రోగ్రామ్‌లు 5.5 దగ్గరే ఆగిపోవడం వల్లే ఈ తంటా.

పొడవైన నోట్స్ కూడా ఒకసారి సరిచూడండి. 5.5.1లో ఒక వరుసకు 255 అక్షరాలే హద్దు, మిగతాది తర్వాతి వరుసలోకి వెళ్తుంది. తెలుగులో ఒక్కో కోడ్ గుర్తు యూటీఎఫ్‌-8లో మూడు బైట్లు. అక్షరాలు లెక్కపెట్టకుండా బైట్లు లెక్కపెట్టి కోసే ప్రోగ్రామ్ అయితే అక్షరం మధ్యలోనే తెగుతుంది. వరుస చివరి ఖాళీ పోయి రెండు మాటలు అతుక్కోవడం మరీ మామూలు. ఇద్దరూ గ్రాంప్సే వాడుతుంటే జెడ్‌కామ్ జోలికి వెళ్లకుండా గ్రాంప్స్ ఎక్స్‌ఎంఎల్‌లోనే పంపుకోండి.

బాబాయి చేసిన ట్రీనీ, నాదానినీ కలిపాను. ఇప్పుడు సగం మంది రెండేసి సార్లున్నారు.

ముందు ఊళ్లను కలపండి. ప్లేసెస్‌లో ఒకే ఊరు నాలుగు స్పెల్లింగులతో ఉంటుంది. కంట్రోల్ నొక్కి రెండింటిని ఎంచుకుని, ఎడిట్ మెనూలో మెర్జ్ అనండి. ఊళ్లు ఒక్కటయ్యాక మనుషులను పోల్చడం తేలికవుతుంది.

తర్వాత మనుషుల దగ్గరకు కాదు, ఫ్యామిలీస్ దగ్గరకు వెళ్లండి. అన్నిటికంటే పై తరం జంటతో మొదలుపెట్టి, రెండు కుటుంబాలనూ మెర్జ్ చేస్తే భర్తలు, భార్యలు కూడా కలిసిపోతారు, పిల్లలంతా ఒకే కుటుంబం కిందికి వస్తారు. అప్పుడు ఆ పిల్లల్లో జంటలు కళ్లెదుటే ఉంటాయి. కింది నుంచి మొదలుపెడితే ఒక్కొక్కరికి ఇద్దరు తండ్రులు, ఇద్దరు తల్లులు తయారై కూర్చుంటారు.

టూల్స్‌లో ‘ఫైండ్ పాసిబుల్ డూప్లికేట్ పీపుల్’ ఉంది. అందులో సౌండెక్స్ టిక్కు తీసేయండి. అది ఇంగ్లిష్ అక్షరాల ఉచ్చారణకు చేసిన పద్ధతి, తెలుగు లిపిలోని పేర్లకు పనికిరాదు. అది చూపే జాబితా సూచన మాత్రమే. ఒకే పేరున్న తాతామనవళ్లను కూడా జంటగా చూపిస్తుంది. పుట్టిన ఏడాది, తల్లి పేరు రెండూ కలిస్తేనే మెర్జ్ నొక్కండి. అన్‌డూ ఆ సెషన్ వరకే పనిచేస్తుంది కాబట్టి ఒక కొమ్మ పూర్తయినప్పుడల్లా కొత్త పేరుతో బ్యాకప్ తీయండి.

ట్రీని బంధువులందరికీ పంపాలి. బతికున్నవాళ్ల వివరాలు ఎలా దాచాలి?

ఎక్స్‌పోర్ట్ కిటికీలో బతికున్నవాళ్ల గురించి ఎంపికలుంటాయి: పూర్తిగా వదిలేయడం, పేరు మాత్రం ఉంచడం, పేరును కూడా మార్చేయడం. ప్రైవేట్ గుర్తు పెట్టిన రికార్డులను వదిలేయమనే టిక్కు విడిగా ఉంటుంది. రెండూ వాడండి. మరణ తేదీ లేనివాళ్లు బతికున్నారో లేదో ప్రోగ్రామ్ అంచనా వేస్తుంది. పుట్టి 110 ఏళ్లు దాటితే లేరనుకుంటుంది. ఆ హద్దును ప్రిఫరెన్సెస్‌లో మార్చుకోవచ్చు.

అయితే ఈ వడపోత నోట్స్ లోపలి వాక్యాలను చదవదు. చనిపోయిన తాతగారి నోట్స్‌లో మీరు రాసుకున్న పిన్ని ఫోన్ నంబరు అలాగే బయటికి వెళ్తుంది. అలాంటి నోట్స్‌కు తాళం గుర్తు నొక్కి ప్రైవేట్ చేయండి. ఎక్స్‌పోర్ట్ అయిన ఫైలును ఖాళీ ట్రీలో తెరిచి, ఇంట్లో చిన్నపిల్లల పేర్లు, మీ ఫోన్ నంబరు వెతకండి. ఒక్కటి దొరికినా పంపకుండా ఆపి, అసలు ట్రీలో సరిచేసి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి.